జనరేటర్ ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ స్టడ్లు హెడ్‌లోనే విరిగాయి. ఎలా తీయాలి, బదులు ఏవి వేయాలి?

గుంటగట్టు, కొత్తపట్నం

అందరికీ నమస్కారం. మా రొయ్యల గుంటల దగ్గర నాలుగు సిలిండర్ల డీజిల్ జనరేటర్ ఉంది. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (సిలిండర్ల పొగను కలిపి సైలెన్సర్‌కు పంపే పైపు) దగ్గర పొగ లీకవుతూ టప్ టప్‌మని శబ్దం వస్తోందని గ్యాస్కెట్ మార్చడానికి విప్పాం. చూస్తే దాన్ని ఇంజన్ హెడ్‌కు పట్టి ఉంచే స్టడ్లలో (తల లేని బోల్టులు) ఫ్యాన్ వైపు చివరిది ముందే విరిగిపోయి ఉంది, హెడ్ ముఖానికి సమంగా. రెండో చివర ఉన్నది నట్టు తిప్పేటప్పుడు తెగింది, అది అర అంగుళం బయటికి ఉంది. సైజు ఎం10 (పది మిల్లీమీటర్ల మందం), మర 1.5 (ఒక్కో మర చుట్టు మధ్య దూరం, మిల్లీమీటర్లలో). హెడ్ బీడుది, అంటే పోత ఇనుము. మిగతా స్టడ్లు తుప్పు పట్టినా నట్లు వచ్చాయి.

ప్రస్తుతానికి అద్దె జనరేటర్‌తో నడుపుతున్నాం. రాత్రిపూట కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, పంట మొత్తం పోతుంది. అందుకే టెన్షన్‌గా ఉంది. మెకానిక్ ఈజీ అవుట్ (విరిగినదాని మధ్యలో బెజ్జం వేసి, అందులో దించి వెనక్కి తిప్పే పనిముట్టు) పెట్టి తీస్తానంటున్నాడు. పెట్టించమంటారా? కొత్తవి స్టెయిన్‌లెస్ స్టడ్లు వేస్తే ఉప్పు గాలికి తుప్పు పట్టవు కదా అని కూడా అనుకుంటున్నాం.

లేత్ షెడ్, నెల్లూరు

ఈజీ అవుట్ మాట ఇప్పుడే వద్దు తమ్ముడూ. స్పానర్ పట్టుకు పది మిల్లీమీటర్ల మందం ఉన్న స్టడ్డే తెగిందంటే లోపల మర ఎంత గట్టిగా పట్టేసి ఉందో ఆలోచించండి. దాని మధ్యలో బెజ్జం వేసి, అందులో దిగే సన్నటి ఈజీ అవుట్ అంతకంటే ఎక్కువ బలం ఎలా తట్టుకుంటుంది? పైగా కోసుగా ఉండే రకం లోపలికి దిగేకొద్దీ స్టడ్‌ను పక్కలకు ఉబ్బిస్తుంది. అంటే వదలాల్సింది ఇంకా బిగుసుకుంటుంది. అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద గీత కూడా పెట్టలేదు. కార్బైడ్ బిట్టో, స్పార్క్ ఎరోజన్ (కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని తినేసే) మిషనో కావాలి. అప్పుడు హెడ్ దించక తప్పదు. మా షెడ్డుకు వచ్చే హెడ్లలో కష్టమైనవన్నీ ఇలా ఈజీ అవుట్ విరిగినవే.

బయటికి ఉన్నదానికి పని తేలిక. ఒకరోజు ముందే పెనిట్రేటింగ్ ఆయిల్ వేసి వదిలేయండి. మధ్యమధ్యలో స్టడ్ కొన మీద సుత్తితో చిన్నగా నిటారుగా కొట్టండి. ఆ అదురుకు తుప్పులో సందులు పడి ఆయిల్ లోపలికి దిగుతుంది. తర్వాత దాని మీద నట్టు పెట్టి, నట్టు లోపలి నుంచి స్టడ్‌కు వెల్డింగ్ నింపండి. మా అనుభవంలో తిప్పే బలం కంటే ఆ వెల్డింగ్ వేడే ఎక్కువ పని చేస్తుంది. స్టడ్ ఎర్రగా కాలి ఉబ్బడానికి చూస్తుంది, చుట్టూ బీడు ఉబ్బనివ్వదు, మరల్లో తుప్పు నలిగిపోతుంది. చల్లారేటప్పుడు స్టడ్ ముడుచుకుని వదులవుతుంది. ఎరుపు పోయిన తర్వాత, ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నప్పుడే రింగు స్పానర్ వేసి ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, అటూ ఇటూ ఆడించండి. ఒక్కసారిగా లాగొద్దు.

వెల్డింగ్ తెగితే ఇంకో నట్టు పెట్టి మళ్లీ చేయండి. ప్రతిసారీ వేడి తగులుతుంది కాబట్టి తెగినా నష్టం లేదు.

ముఖానికి సమంగా తెగినదానికి కూడా ఇదే పద్ధతి నడుస్తుంది. మధ్యలో చుక్క చుక్కగా వెల్డింగ్ పెట్టి కాస్త పైకి లేపుకుని, దాని మీద వాషర్, వాషర్ మీద నట్టు. మిగ్ మిషన్ (తీగ దానంతట అదే వచ్చే వెల్డింగ్ మిషన్) ఉంటే సులువు. ఆర్క్ అయితే చేయి తిరిగిన వెల్డర్ కావాలి, ఎందుకంటే హెడ్ బీడుది. వెల్డింగ్ బీడుకు అంటితే అక్కడ పగులు వచ్చే ప్రమాదం ఉంది.

కావలి ట్రాక్టర్

అన్న చెప్పిన పద్ధతి సరైనది. అది చేసే ముందు ఒక మాట. బ్యాటరీ వైర్లు రెండూ తీసేయండి. జనరేటర్ కాబట్టి ఆల్టర్నేటర్ మీద ఉండే వోల్టేజి రెగ్యులేటర్ కనెక్షన్లు, కంట్రోల్ ప్యానెల్ కనెక్షన్లు కూడా ఊడదీయండి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు హెడ్ మీదే, స్టడ్‌కు దగ్గరలో పెట్టాలి. ఫ్రేముకో ఆల్టర్నేటర్ బాడీకో పెడితే కరెంటు బేరింగుల గుండా పోతుంది, అక్కడ మచ్చలు పడతాయి. డీజిల్ పైపుల మీద తడి గోనె కప్పండి. ఇసుక బకెట్టు పక్కన ఉండాలి.

పెనిట్రేటింగ్ ఆయిల్ దొరక్కపోతే గేరు ఆయిల్ షాపులో ఎటిఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) తీసుకుని అసిటోన్ సమానంగా కలపండి, బాగా దిగుతుంది. కానీ అసిటోన్ పెట్రోలు లాగే అంటుకుంటుంది. అది వేసి వెంటనే వెల్డింగ్ మొదలుపెట్టవద్దు.

పాలిటెక్నిక్ మెకానికల్, ఒంగోలు

తీసే పద్ధతి సరే. ముందే విరిగి ఉన్న ఫ్యాన్ వైపు స్టడ్ ముక్క, నట్టుతో పాటు పడిపోయి ఉంటే దొరుకుతుందేమో చూడండి. తెగిన ముఖం ఫొటో దగ్గరగా తీసి పెట్టండి. శుభ్రం చేయొద్దు. ఎందుకు విరిగిందో ఆ ముఖం మీదే రాసి ఉంటుంది.

గుంటగట్టు, కొత్తపట్నం

ధన్యవాదాలు అన్నా, సార్. ఈజీ అవుట్ వద్దని చెప్పేశాను. ముక్క మేనిఫోల్డ్ బెజ్జంలోనే ఇరుక్కుని ఉంది, ఫొటో పెట్టాను. ముఖంలో ముప్పాతిక వంతు నల్లగా, నున్నగా, వంపు గీతలతో ఉంది. ఒక అంచున కొంచెం మాత్రమే గరుకుగా, బూడిద రంగులో ఉంది. స్పానర్‌కు తెగినదాని ముఖం మాత్రం మెలితిరిగినట్టు ఉంది.

పాలిటెక్నిక్ మెకానికల్, ఒంగోలు

స్పష్టంగా ఉంది. ఫ్యాన్ వైపుది ఒక్కసారిగా తెగింది కాదు. ఆ వంపు గీతలు పగులు కొద్దికొద్దిగా ముందుకు నడిచిన గుర్తులు. ఒక అంచున చిన్న పగులు మొదలై, ఇంజన్ నడిచినప్పుడల్లా కాస్త కాస్త పాకింది. మసి లోపలికి పోయి నల్లబడింది అంటే ఆ పగులు చాలాకాలంగా ఉంది. చివరికి మిగిలిన ఆ కొంచెం గరుకు భాగం బరువు మోయలేక తెగింది. దీన్ని అలసట విరుపు అంటాం. రెండోది మాత్రం తుప్పు పట్టుకుని స్పానర్ మెలికకు తెగింది. ఒకే ఇంజన్ మీద రెండు స్టడ్లు రెండు కారణాలతో పోయాయి.

బిగువుగా ఉన్న బోల్టు అలసటతో విరగడం అరుదు. బోల్టును బిగించినప్పుడు అది స్ప్రింగులాగా సాగి రెండు ముక్కలను నొక్కి పట్టుకుంటుంది. ఆ నొక్కుడు ఉన్నంతవరకు బయటి అదురులో చాలా తక్కువ భాగమే బోల్టుకు చేరుతుంది. బిగువు తగ్గితే ప్రతి అదురూ నేరుగా బోల్టు మీదే పడుతుంది. కాబట్టి అక్కడ బిగువైనా తగ్గి ఉండాలి, పక్కకు వంచే బలమైనా పడుతూ ఉండాలి. అది తెలియకుండా ఎంత ఖరీదైన స్టడ్ వేసినా మళ్లీ అక్కడే విరుగుతుంది. రెండు ప్రశ్నలు: సైలెన్సర్ పైపు ఎటు పోతుంది, ఎక్కడ కట్టారు? ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఉందా?

గుంటగట్టు, కొత్తపట్నం

రబ్బరు మౌంటింగులే సార్. సైలెన్సర్ పైపు మేనిఫోల్డ్ నుంచి ఫ్యాన్ వైపు పోయి, షెడ్డు గోడలోంచి బయటికి తీశాం. గోడ దగ్గర సిమెంటుతో పూడ్చేశారు. పోయిన ఏడాది షెడ్డు రేకులు మార్చినప్పుడు చేసిన పని అది.

లేత్ షెడ్, నెల్లూరు

కారణం అదే తమ్ముడూ! రబ్బరు మీద ఇంజన్ ఊగుతుంది, స్టార్ట్ చేసినప్పుడూ ఆపినప్పుడూ మరీ ఎక్కువ. పైపు గోడలో కదలకుండా ఉంది. ఆ ఊపంతా ఫ్యాన్ వైపు స్టడ్ మీదే పడుతోంది. మేనిఫోల్డ్‌కూ సైలెన్సర్ పైపుకూ మధ్య ముడతల స్టీలు ఫ్లెక్సిబుల్ పైపు పెట్టండి. గోడ బెజ్జం పెద్దది చేసి, పైపు చుట్టూ సందు వదిలి, సందులో రాక్‌వూల్ కూరండి. పైపు బరువు మేనిఫోల్డ్ మీద పడకుండా పైనుంచి వేలాడదీయండి. ఇది చేయకుండా కొత్త స్టడ్ వేయొద్దు.

పాలిటెక్నిక్ మెకానికల్, ఒంగోలు

దానికి తోడు వేడి సంగతి కూడా ఉంది. బీడు మీటరు పొడవుకు ఒక డిగ్రీకి సుమారు 11 మైక్రాన్లు సాగుతుంది. మీ మేనిఫోల్డ్ అర మీటరు పొడవు ఉండి, లోడు మీద 300 డిగ్రీలు వేడెక్కితే 1.6 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. దాని కింద ఉన్న హెడ్‌ను నీళ్లు చల్లబరుస్తుంటాయి కాబట్టి అది మూడో వంతు మిల్లీమీటరు కూడా సరిగా సాగదు. ఆ తేడా నడుమ స్టడ్ల దగ్గర ఏమీ ఉండదు, రెండు చివర్లలో ఒక్కోవైపు అర మిల్లీమీటరు దాటుతుంది. మేనిఫోల్డ్ స్టడ్లలో చివరివే ముందు పోవడానికి కారణం ఇది. అందుకే మేనిఫోల్డ్ బెజ్జాలు స్టడ్ కంటే పెద్దవిగా ఉంటాయి, అది జారాలి. బిగించేటప్పుడు కూడా నడుమ నుంచి మొదలుపెట్టి చివర్లకు పోవాలి.

చీమకుర్తి కంప్రెసర్

మా గ్రానైట్ క్వారీలో కంప్రెసర్ల మీద అదురు చాలా ఎక్కువ. మేం ఎక్కడ బోల్టు విరిగినా 12.9 అలెన్ బోల్టు వేసేస్తాం (తల మీద ఉండే బలం అంకె అది), మామూలు 8.8 కంటే ఒకటిన్నర రెట్లు గట్టిది. తమ్ముడు కూడా అదే వేస్తే పోదా? స్టెయిన్‌లెస్ ఆలోచన కూడా నాకు బాగానే అనిపిస్తోంది, సముద్రం పక్కన కదా.

పాలిటెక్నిక్ మెకానికల్, ఒంగోలు

అన్నా, మీ అనుభవాన్ని కాదనను, కానీ ఇక్కడ రెండూ సరిపోవు. కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే షాపులో ఎక్కువమంది ఈ రెండింటిలో ఒకటి తీసుకుని పోతారు.

బోల్టు తల మీద 8.8 అని ఉంటే మొదటి అంకె 800 మెగాపాస్కల్స్ తెగే బలం, రెండోది అందులో 80 శాతం దగ్గర, అంటే 640 దగ్గర, అది శాశ్వతంగా సాగడం మొదలవుతుందని. 10.9కి 1000, 900. 12.9కి 1200, 1080. ఏ గుర్తూ లేని మెత్తటి బోల్టు చాలావరకు 4.6, అంటే 400, 240. ఇంజన్ మీద అది ఎక్కడా వద్దు. క్లాసు అంకెతో పాటు తయారీదారు గుర్తు కూడా తల మీద ఉండాలి. గుర్తు లేకుండా అంకె మాత్రమే ఉన్న బోల్టును నమ్మకండి. పాత ఇంజన్లలో అంగుళాల బోల్టులుంటే తల మీద గీతలు చూడండి: మూడు గీతలు గ్రేడ్ 5, ఆరు గీతలు గ్రేడ్ 8.

ఇప్పుడు 12.9 సంగతి. అది గట్టిదే, కానీ సాగే గుణం అన్ని ఉక్కులకూ దాదాపు ఒకటే. 8.8కి ఇచ్చిన టార్కే (తిప్పే బలమే) 12.9కి ఇస్తే వచ్చే బిగువూ అంతే. ఎక్కువ లాభం కావాలంటే ఎక్కువ బిగించాలి. అలా బిగిస్తే ఆ భారం బీడు హెడ్‌లోని మర మోయాలి, అది తెగుతుంది. స్టడ్ విరిగితే స్టడ్ పోతుంది, మర తెగితే హెడ్ పోతుంది. ఇంకొకటి, 12.9 మీద జింక్ పూత పూయించకూడదు. పూత పోసేటప్పుడు లోపలికి చేరిన హైడ్రోజన్ వల్ల అంత గట్టి ఉక్కు పెళుసుబారి, బిగించిన కొన్ని గంటలకో రోజులకో ఎవరూ ముట్టుకోకుండానే తల ఊడిపోవచ్చు. పూత లేకపోతే మన సముద్ర గాలికి తుప్పు. మీ క్వారీలో బోల్టులు మాటిమాటికీ విరుగుతున్నాయంటే ముందు బిగువు, మౌంటింగులు చూసుకోండి అన్నా. గట్టి బోల్టుతో కారణం కప్పబడుతుందే తప్ప పోదు.

స్టెయిన్‌లెస్. షాపులో దొరికేది ఎక్కువగా ఎ2-70, తెగే బలం 700, కానీ 450 దగ్గరే సాగుతుంది. అది 8.8 కంటే మెత్తన. పైగా ఆ ఉక్కు, అంటే 304 రకం, మీటరుకు ఒక డిగ్రీకి 17 మైక్రాన్లు సాగుతుంది, బీడు 11. వేడెక్కినప్పుడు మేనిఫోల్డ్ కంటే స్టడ్ ఎక్కువ సాగి బిగువు తగ్గుతుంది. ఇప్పుడు చెప్పుకున్న అలసట విరుపు అక్కడే మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ స్టడ్ మీద మరలు ఒరుసుకుని అతుక్కుపోతాయి కూడా, విప్పాలంటే కోయాల్సిందే. కంపెనీలు ఎగ్జాస్ట్‌కు వాడే స్టెయిన్‌లెస్ వేరే రకం, హార్డ్‌వేర్ షాపు సరుకు కాదు.

మీకు సరైనది ఇంజన్ కంపెనీ స్టడ్డే. అది దొరకకపోతే బి7 అని గుర్తున్న క్రోమ్ మాలి (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) ఉక్కు స్టడ్, ఇండస్ట్రియల్ సరుకు షాపుల్లో ఉంటుంది. 8.8 మామూలు స్టడ్ 300 డిగ్రీలు దాటాక బలం కోల్పోతుంది, బి7 అంతకు మించి నిలుస్తుంది. నట్లు రాగి పూత ఉన్నవి వేయండి. ఇంకో పదేళ్లకు విప్పినా వస్తాయి.

జువ్వలదిన్నె పడవ

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ఔట్‌బోర్డ్ ఇంజన్ కింది కేసింగ్ అల్యూమినియం. అందులో ఎం6 స్టెయిన్‌లెస్ స్క్రూ విరిగింది. చుట్టూ తెల్లటి పొడి కమ్మేసింది. అల్యూమినియం కరిగిపోతుందని వెల్డింగ్‌కు భయంగా ఉంది. పటిక నీళ్లలో ఉడకబెడితే ఇనుము కరిగిపోతుందని ఎవరో చెప్పారు, నిజమేనా?

లేత్ షెడ్, నెల్లూరు

పటిక సంగతి నిజమే. గడియారాలు బాగుచేసేవాళ్ల పాత పద్ధతి. వేడి పటిక నీళ్లు మామూలు ఉక్కును మెల్లగా తినేస్తాయి, ఇత్తడినీ అల్యూమినియాన్నీ దాదాపు వదిలేస్తాయి. గంటల తరబడి పడుతుంది, వస్తువు మొత్తం ముంచగలిగితేనే కుదురుతుంది. కానీ మీది స్టెయిన్‌లెస్ కాబట్టి మీకు పనికిరాదు, అది కరగదు. ఇంకెవరైనా కార్బొరేటర్‌లో ఈ పని చేద్దామనుకుంటే ఆగండి. చాలా కార్బొరేటర్లు జింక్ పోతవి, పటిక వాటినీ తినేస్తుంది. బీడులో విరిగినదానికి అసలే వద్దు.

వెల్డింగ్‌కు అంత భయం అక్కర్లేదు. ఉక్కు వెల్డింగ్ అల్యూమినియానికి అంటదు. కానీ ఎం6 సన్నది, చుట్టూ గోడ పలచగా ఉంటే జాగ్రత్త. ముందు కేసింగ్‌ను హీట్ గన్‌తో వేడి చేయండి. అల్యూమినియం స్టెయిన్‌లెస్ కంటే ఎక్కువ సాగుతుంది, పట్టు వదులుతుంది. స్క్రూ మధ్యలో ఎడమ వైపు తిరిగే డ్రిల్లు బిట్టుతో, మిషన్‌ను వెనక్కి తిప్పుతూ బెజ్జం వేయండి. చాలాసార్లు బెజ్జం పడుతుండగానే స్క్రూ బయటికి నడిచి వచ్చేస్తుంది. రాకపోతే 5 మిల్లీమీటర్ల వరకు బెజ్జం పెంచి, మిగిలిన సన్నటి చుట్టను సూదిమొన పనిముట్టుతో లాగేయొచ్చు. ఆ 5 ఎం6 ట్యాపుకు ముందు వేసే బెజ్జం కొలతే. లెక్క తేలిక, సైజులోంచి మర తీసేయాలి. ఎం8కి 6.8, ఎం10కి 8.5.

పాలిటెక్నిక్ మెకానికల్, ఒంగోలు

పడవ తమ్ముడికి: కొత్తది ఎ4 స్టెయిన్‌లెస్ వేయండి, అంటే 316. అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పునీటికి అదే ఆధారం. మరకు రాగి ఉన్న యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే ముద్ద) పూయొద్దు. ఉప్పునీళ్లలో రాగి పక్కన అల్యూమినియం ఇంకా త్వరగా తినిపోతుంది. రాగి లేని మెరైన్ గ్రీసు వాడండి. మర పోయి ఉంటే హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేయించుకోండి, అల్యూమినియంలో అది పాత మర కంటే గట్టిగా నిలుస్తుంది.

గుంటగట్టు, కొత్తపట్నం

పని అయింది. బయటికి ఉన్న స్టడ్ వెల్డింగ్ నట్టుతో, రెండోసారి వేడి చేసిన తర్వాత అటూ ఇటూ ఆడిస్తే చిన్నగా కిర్రుమంటూ వచ్చేసింది. సమంగా తెగినది మాత్రం వెల్డింగ్‌కు లొంగలేదు, ప్రతిసారీ పైన పెట్టిన వెల్డింగే ఊడింది. వెల్డర్ ఇంక వద్దు, డ్రిల్లు వేయాల్సిందే అన్నాడు. చేతి మిషన్‌తో నడుమ సరిగ్గా పడుతుందని ధైర్యం లేదు. రేడియేటర్, ఫ్యాన్ దించి చోటు చేశాం.

లేత్ షెడ్, నెల్లూరు

చేత్తో ఊహించి వేయొద్దు. మేనిఫోల్డ్‌నే గైడుగా వాడుకోండి. మీకు దగ్గర్లో ఉన్న లేత్‌లో రెండు రకాల బుష్షులు చేయించండి. మొదటి రకం రెండు కావాలి: బయట కొలత మేనిఫోల్డ్ బెజ్జానికి దూరీ దూరనట్టు, లోపల సరిగ్గా 10. ఇవి బాగున్న రెండు స్టడ్ల మీద వేసి మేనిఫోల్డ్ బిగిస్తే, బెజ్జాల్లో ఉన్న సందు పోయి మేనిఫోల్డ్ నడిమికి వస్తుంది. రెండో రకం ఒకటి: బయట కొలత అదే, లోపల 4, పొడవు 25 నుంచి 30. దాన్ని విరిగిన స్టడ్ బెజ్జంలో పెట్టి 4 బిట్టు వేస్తే నడుమ తప్పదు. చివరి బెజ్జాలు మిగతావాటి కంటే పెద్దవిగా ఉండొచ్చు, వెర్నియర్‌తో కొలిచి చెప్పండి. కోలగా ఉంటే బెజ్జం వెడల్పుకు తగ్గట్టు చేయించి పక్కల సందుకు షిమ్ము (పలచటి రేకు ముక్క) పెట్టాలి.

స్టడ్ ముఖం ఎత్తుపల్లాలుగా ఉంటే బిట్టు జారుతుంది, ముందు చదును చేయండి. వేగం తక్కువ, ఆయిల్ ధారగా, బిట్టు కొత్తది. 4 తర్వాత 6, తర్వాత 7, చివరికి 8.5. 7 దాటాక చాలాసార్లు మిగిలిన గోడ పలచబడి పట్టు వదులుతుంది, ఒకసారి సుత్తితో లోపలికి మడిచి చూడండి. స్టడ్ కొన దాటి లోతుకు పోవద్దు. కొన్ని ఇంజన్లలో ఆ బెజ్జం నీళ్ల జాకెట్‌లోకి తెరుచుకుంటుంది. మీది అలాంటిదైతే కొత్త స్టడ్‌కు మర సీలెంట్ తప్పనిసరి.

గుంటగట్టు, కొత్తపట్నం

బుష్షు పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది అన్నా! 4 బెజ్జం సరిగ్గా నడుమ పడింది. 7 వేశాక గోడ లోపలికి మడిస్తే చుట్టలా వచ్చింది. హెడ్‌లో మర ఏమీ పాడవలేదు, ట్యాపుతో శుభ్రం చేశాం. బెజ్జం మూసుకునే ఉంది, నీళ్లలోకి పోలేదు. కంపెనీ స్టడ్లు దొరికాయి, అన్నీ మార్చేస్తున్నాం. ఫ్లెక్సిబుల్ పైపు తెచ్చాం, గోడ సిమెంటు పగలగొట్టాం. బిగించేటప్పుడు జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

కావలి ట్రాక్టర్

మూసిన బెజ్జం అన్నారు కాబట్టి ఒకటి తప్పకుండా చూడండి. అడుగున ఆయిల్ గానీ నీళ్లు గానీ ఉండకూడదు. స్టడ్ దిగేటప్పుడు ద్రవానికి పోయే దారి ఉండదు, ఆ ఒత్తిడికి బీడు పగులుతుంది. గాలి కొట్టి, గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచి చూడండి. హెడ్ బోల్టులకు మరీ ముఖ్యం ఇది.

పాలిటెక్నిక్ మెకానికల్, ఒంగోలు

స్టడ్ హెడ్‌లోకి కనీసం 15 మిల్లీమీటర్లు దిగాలి, బీడులో సైజుకు ఒకటిన్నర రెట్లు. చేత్తో అడుగుదాకా తిప్పి చిన్నగా బిగిస్తే చాలు. మేనిఫోల్డ్ ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి, కింద సందులో ఫీలర్ గేజి (సందు కొలిచే పలచటి రేకులు) పెట్టండి. 0.2 మిల్లీమీటర్ల రేకు దూరితే ముఖం మిషన్ మీద చదును చేయించాలి, లేకపోతే నట్టు బిగించినప్పుడు స్టడ్ వంగుతుంది.

ఇచ్చే టార్కులో దాదాపు సగం నట్టు కింద రాపిడికి, ఇంకో 40 శాతం మరల రాపిడికి పోతుంది. బిగువుగా మారేది పది శాతమే. మరకు యాంటీ సీజ్ పూస్తే ఆ రాపిడి తగ్గి అదే టార్కుకు బిగువు చాలా పెరుగుతుంది. మాన్యువల్‌లో పొడి మరకు ఇచ్చిన అంకె అయితే పాతిక శాతం దాకా తగ్గించండి. మామూలు ఎం10, 8.8కి పొడిగా 48 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, కానీ ఎగ్జాస్ట్ మీద కంపెనీ అంకె అంతకంటే తక్కువ ఉండొచ్చు, దాన్నే పాటించండి. స్ప్రింగ్ వాషర్ వద్దు. ఆ వేడికి దాని బిగువు పోతుంది. పక్కకు అదిరేచోట స్ప్రింగ్ వాషర్ నట్టు వదులు కాకుండా ఆపలేదని జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లోనే చూపించాడు. రాగి పూత లాక్ నట్టు చాలు. లాక్‌టైట్ (మరను అతికించే జిగురు) కూడా అక్కడ వేడికి నిలవదు, ఎర్ర రకమే 250 డిగ్రీలకు వదిలేస్తుంది.

చీమకుర్తి కంప్రెసర్

సార్, ఈ చర్చ చదివాక మా కంప్రెసర్ దగ్గర చూశాను. మౌంటింగు రబ్బర్లు రెండు చితికిపోయి ఉన్నాయి. అవి మార్పించి 8.8 బోల్టులే టార్క్ రెంచ్‌తో వేయిస్తున్నాను. ఇంకొక అనుమానం. కనెక్టింగ్ రాడ్ బోల్టులు కూడా గుర్తు చూసి బయట కొనొచ్చా?

పాలిటెక్నిక్ మెకానికల్, ఒంగోలు

వద్దన్నా. కనెక్టింగ్ రాడ్, ఫ్లైవీల్, మెయిన్ బేరింగ్, హెడ్ బోల్టులు కంపెనీవే. వాటి మెడ సన్నదనం, తల కింద వంపు, మర చుట్టిన తీరు అన్నీ ఆ చోటుకే లెక్క కట్టి చేసినవి. అంకె ఒకటే అయినా బజారు బోల్టు ఆ పని చేయదు. హెడ్ బోల్టుల్లో టార్క్ ఇచ్చాక డిగ్రీల్లో తిప్పమని మాన్యువల్ చెప్తే అవి సాగే రకం కావచ్చు. మళ్లీ వాడొచ్చా లేదా అనేదీ, ఎంత పొడవు దాటితే పారేయాలనేదీ మాన్యువల్‌లోనే ఉంటుంది.

లేత్ షెడ్, నెల్లూరు

గుంటగట్టు తమ్ముడికి చివరిగా ఒకటి. మేనిఫోల్డ్ బిగించాక లోడు మీద బాగా వేడెక్కనిచ్చి, ఆపి, పూర్తిగా చల్లారాక నట్లన్నీ నడుమ నుంచి మళ్లీ ఒకసారి టార్కు చూడండి. కొత్త గ్యాస్కెట్ మొదటి వేడికి కొంత అణుగుతుంది. వేడిగా ఉన్నప్పుడు బిగించవద్దు. ఆ పని అయ్యేదాకా అద్దె జనరేటర్ పంపించేయకండి.